బంగారయ్య బంతిభోజనం

బోటాటౌంగ్ రేవు దగ్గర బంగారయ్యకు రెండంతస్తుల ఇల్లుండేది. బస్తాలు మోయడానికి రంగూను వచ్చి, మేస్త్రీ అయి, కూడబెట్టి కొన్న ఇల్లది. బర్మా భార్య ఖిన్ ఖిన్ పోయాక అందులో ఆయనొక్కడే మిగిలాడు. పిల్లల్లేరు. ఒంటరిగా కూర్చుంటే ముద్ద దిగేది కాదు. పక్కన ఇంకొకడు తింటూ ఉంటే ఉత్త చారన్నమైనా లోపలికి పోతుందనిపించేది.

అందుకే పందొమ్మిదివందల ఇరవైనాలుగులో కింది అంతస్తును సత్రం చేశాడు. ఓడ దిగిన తెలుగువాళ్ళెవరైనా పని దొరికేదాకా ఉండొచ్చు, తినొచ్చు. తన తర్వాత ఇల్లంతా సత్రానికేనని వీలునామా కూడా రాసేశాడు. ఊరంతా ధర్మాత్ముడంది. ఆయనకు కావలసింది పుణ్యం కాదు, బంతిలో ఒక విస్తరి.

అదే దొరకలేదు. ఆయన గుమ్మంలోకి రాగానే అందరూ లేచి చేతులు కట్టుకునేవారు. సత్రం చూసే కన్నయ్య మరీ ఘటికుడు. ఎంత వద్దన్నా బాబుగారి భోజనం వెండి కంచంలో మేడమీదికే పంపేవాడు.

ఓ సాయంత్రం కన్నయ్య బజారుకెళ్ళాడు. అప్పుడే ఓడ దిగినవాళ్ళు విస్తళ్ళు వేసుకుని, వాళ్ళే వడ్డించుకుంటున్నారు. వాళ్ళకు బంగారయ్య ముఖం తెలీదు. ఆయన చొక్కా విప్పేసి, తువ్వాలు భుజాన వేసుకుని, బంతి చివర కూర్చున్నాడు.

పక్కవాడు జరిగి చోటిచ్చాడు. “ఏ ఊరు మావా? నువ్వూ ఓడలోనే వచ్చినావేటి?”

“ఆ, ఓడలోనే,” అన్నాడు బంగారయ్య. అబద్ధమేం కాదు, కాకపోతే ముప్పై ఏళ్ళ కిందటి ఓడ.

“ఒట్టన్నం ఏటి తింటావు?” అంటూ వాడు ఇంటి నుంచి తెచ్చుకున్న ఎండుచేపలో సగం తుంచి ఆయన విస్తట్లో వేశాడు. బంగారయ్య ముద్ద కలిపాడు. ఎన్నాళ్ళకో ఆకలి వేసింది.

అంతలో కన్నయ్య రానే వచ్చాడు. “ఓరి మీ మొకాలు మండ! ఆయనెవరనుకున్నార్రా? ఈ ఇంటి బాబు! నెగండి!”

బంతి బంతంతా లేచిపోయింది. లేచిన విస్తట్లో మళ్ళీ తినకూడదు కదా. ఓడలో కడుపులు మాడ్చుకుని వచ్చినవాళ్ళు సగం తిన్న అన్నం వదిలేసి ఎంగిలిచేతులతో నిలబడ్డారు. ఎండుచేప పెట్టినవాడు మిగిలిన సగం వెనక్కి దాచుకున్నాడు.

“కూకోండ్రా, మీకు దండం పెడతాను,” అన్నాడు బంగారయ్య. ఎవరూ కూర్చోలేదు. తనవల్ల వాళ్ళ నోటి దగ్గర కూడు పోయిందని ఆయనకు ఏడుపొచ్చింది. మళ్ళీ విస్తళ్ళు వేయించమని చెప్పి మేడెక్కాడు. ఆ తర్వాత భోజనాల వేళ ఎప్పుడూ కిందికి దిగలేదు.

కొన్నేళ్ళకు పోయాడు. అన్న మాట ప్రకారం ఇల్లంతా సత్రమైంది. కన్నయ్య భక్తికొద్దీ భోజనాల గదిలో ఒక గోడకు ఆయన నిలువెత్తు ఫొటో పెట్టించాడు. కొత్తగా ఓడ దిగినవాళ్ళు దానికి దండం పెట్టి కూర్చుంటారు. బాబుగారి కాళ్ళ దగ్గర ఎంగిలి పడకూడదని, ఆ గోడ పక్కన మాత్రం ఎవరికీ విస్తరి వెయ్యరు.