ఉప్పునీళ్ళ కృపారావు

కృపారావు గారికి పొడి బొంత కనబడితే ప్రాణం ఒప్పదు. తెల్లారగానే దాని మీద ముంతెడు సముద్రపు నీళ్ళు గుమ్మరిస్తేగాని ఆయనకి కాఫీ గొంతు దిగదు. ఆ బొంత పాస్టరు గారిదా, పాలేరుదా అన్న పట్టింపు లేదు. ఉప్పునీళ్ళ దగ్గర మటుకు ఆయనకి మనుషులందరూ సమానమే.

మిగతా అన్నిటిలోనూ బంగారంలాంటి మనిషి. అబద్ధమాడడు, అన్నానికి పిలవందే రాడు, ప్రార్థనలో కునికిపాటు పడినా ఆమేన్ చెప్పే వేళకి సరిగ్గా లేస్తాడు. మిషను బోర్డింగులో చిన్నపిల్లల గదులకి ముప్పై ఏళ్ళు వార్డెనుగా చేశాడు. రిటైరయ్యాక చర్చీ పెద్దలు ఆయనకి సముద్రపొడ్డున సరుగుడు తోట అప్పగించారు.

కళింగపట్నం దాటాక ఉంది ఆ తోట. బళ్ళకి సెలవులిచ్చాక, మే నెలలో, చుట్టుపక్కల సంఘాల వాళ్ళు పిల్లాపాపలతో వచ్చి అక్కడ పది రోజులుండేవారు. ఇంటికొక తాటాకు పాక. పాకలకి బైబిల్లో ఊళ్ళ పేర్లు. బేతేలు వాళ్ళకి పాలొచ్చాయా, షారోనులో చంటిదానికి జ్వరం తగ్గిందా అని ఒకరినొకరు అడుగుతూ ఉంటే, దారిన పోయే బెస్తవాళ్ళకి వీళ్ళు ఏ దేశం వాళ్ళో అర్థమయ్యేది కాదు. పిల్లలకి సరుగుడు చెట్ల మధ్య ఉయ్యాలలుండేవి. ఆడుకోవడానికి ఇసక, వినడానికి కథలు, తినడానికి కృపారావు గారి భార్య జ్ఞానసుందరమ్మ వండే వంట. ఇంతకంటే స్వర్గంలో ఏముంటుందని అనుకునేసరికి తెల్లారేది. కృపారావు గారు కావిడి వేసుకుని వచ్చేవాడు.

"నల్లులు బాబూ నల్లులు. బొంతలు బయట ఎయ్యండి."

సముద్రపు నీళ్ళు తగిలితే నల్లి చస్తుందని ఆయన సిద్ధాంతం. ఎక్కడ చదివారని ఒకాయన అడిగితే నిర్గమకాండం చూపించాడు. "ఫరో సైన్యం అంతటిదీ సముద్రంలో మునిగి సచ్చిపోనాది. నల్లి ఎంతండీ?"

అడిగినాయన లోపలికి వెళ్ళి తన బొంత తానే బయట వేశాడు. తడిసిన బొంత మధ్యాహ్నానికి ఎండేది, కాని ఉప్పు పోయేది కాదు. రాత్రి దాని మీద పడుకుంటే ఉప్పుచేపల మధ్య ఉప్పుచేపలా ఉండేది. ఊళ్ళో ఆవులు మేత మాని వచ్చి తీగల మీద బొంతలు నాకేవి.

ఇంకో చిత్రం కూడా ఉంది. ఈ నీళ్ళ పిచ్చి అన్నేళ్ళూ ఒక్కలా ఉండేది కాదు. ఒక ఏడు రెండు రోజులు పోసి ఊరుకున్నాడు. ఒక ఏడు ఇళ్ళకి బళ్ళు కట్టేదాకా పోశాడు. ఒక ఏడైతే కావిడే ముట్టుకోలేదు. అప్పుడు అందరికీ భయమేసి ఒంట్లో బాగుందా అని అడిగారు. "ఈ యేడు నల్లులకి తెగులొచ్చినాదండి" అని ఊరుకున్నాడు.

అరవై ఎనిమిదో సంవత్సరం మే నెలలో ఆ తోటకి రాజాం నుంచి లీలారాణి కుటుంబంతో వచ్చింది. ఆమె భర్త సీమోను రాజాం ఆస్పత్రిలో కాంపౌండరు. వాళ్ళకి ఒక్కతే కూతురు, సలోమి, తొమ్మిదేళ్ళది. చురుకైన పిల్ల, పాట పాడితే గుళ్ళో అందరూ తిరిగి చూస్తారు. ఆ పిల్లకున్న లోపం ఒకటే, ఇంకా పక్క తడిపేస్తుంది.

ఇంట్లో ఉన్నంతకాలం అదొక లోపంగా లెక్కలోకి రాలేదు. కిందటేడు పాలకొండలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు వచ్చింది తంటా. తెల్లారి చాప మీద తడి చూసిన పిల్లలు, పెళ్ళి అయ్యేదాకా దాన్ని వంశధార అని పిలిచారు. వంశధారకి వరదొచ్చింది, పడవ కట్టండి అని పాట కూడా కట్టారు. పెద్దవాళ్ళు మందలించారు గాని, మందలిస్తూ నవ్వారు. అది మొదలు సలోమి పరాయి ఇంట్లో పడుకోనంది. పొద్దు వాలాక మంచినీళ్ళు ముట్టడం మానేసింది. గుళ్ళో పాడడం కూడా మానేసింది.

ఈ తోట సంగతి విని, సీమోను ముందుగానే పేరు ఇచ్చేశాడు. సముద్రపు గాలి పిల్లకి మంచిదన్నాడు. లీలారాణికి మటుకు ఆ తోట మరో పెళ్ళిల్లులా కనిపించింది. ఇక్కడ కూడా ఆ పేరు అంటుకుంటే పిల్ల ఇక నలుగురిలో తలెత్తదు. ఆస్పత్రి నుంచి పాత రబ్బరు గుడ్డ ఒకటి అడిగి తెచ్చుకుని, బొంతల మధ్య దాచి చుట్ట కట్టింది.

బండి తోట ముందు ఆగగానే కృపారావు గారు వచ్చి వందనాలు చెప్పి, పక్క చుట్ట తానే నెత్తికెత్తుకున్నాడు. ఎవరొచ్చినా వాళ్ళ పక్కలు ఆయనే మొయ్యాలి, మరొకర్ని ముట్టుకోనివ్వడు. అదీ ఒక పిచ్చే. నెత్తి మీద చుట్ట పెటపెటలాడింది. ఆయన ఆగి, చెయ్యెత్తి దాన్ని ఒకసారి నొక్కి చూశాడు.

"ఏటమ్మా, అప్పడాలు తెచ్చినారేటి?"

లీలారాణి తడబడి, "అవునండి" అంది.

"మంచిదమ్మా. అప్పడాలు తడవకూడదు, జాగర్తగా ఉంచండి." అని తన పాక పక్కనున్న ఎలీము అనే పాకలో దింపాడు.

ఆ మొదటి రాత్రి లీలారాణి నాలుగుసార్లు లేచి పిల్లని లేపింది. అయిదోసారికి తనకే నిద్ర పట్టేసింది. తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి, సలోమి బొంత మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఏడవకపోవడమే లీలారాణికి ఎక్కువ బాధనిపించింది. రబ్బరు గుడ్డ చాపని కాపాడింది గాని బొంతనేం చేస్తుంది? దాన్ని ఎక్కడ దాచాలి, ఎక్కడ ఆరెయ్యాలి, అటు చూస్తే ఉయ్యాలల దగ్గర అప్పుడే పిల్లలు.

అంతలో బయట కేక వినబడింది. నల్లులు బాబూ నల్లులు.

తలుపు తీసి చూస్తే లోకం తలకిందులై ఉంది. బేతేలు వాళ్ళ బొంతలు కారుతున్నాయి. షారోను వాళ్ళవి పిండుతున్నారు. విజయనగరం సబ్ రిజిస్ట్రారు గారి భార్య ఎస్తేరమ్మ గారు బూరుగు దూది పరుపు తెచ్చుకుంది; ఆవిడ అడ్డం పడేలోపు దాని మీద కావిడిలో సగం పడిపోయింది. నీళ్ళు తాగిన ఆ పరుపుని బయటికి తేవడానికి నలుగురు మగవాళ్ళు కావలసి వచ్చింది. వాళ్ళు దాన్ని భుజాల మీద పెట్టుకుని వస్తూ ఉంటే, ఎవరో టోపీ తీసి నిలబడ్డారట.

ఎలీము దగ్గరికి వచ్చి, కృపారావు గారు లీలారాణి చేతిలో బొంతని చూడను కూడా చూడలేదు. మొహం అటు తిప్పుకునే దాని మీద చెంబుడు కుమ్మరించి, తరవాతి పాకకి పోయాడు.

సలోమి గుమ్మంలో నిలబడి ఆ వరసంతా చూసింది. తీగల మీద తడి బొంతలు, కిందంతా బురద.

"అమ్మా, అందరివీ తడిసిపోయాయే" అంది. అని, చాలా రోజులకి నవ్వింది.

లీలారాణి ఆ పూట ప్రార్థనలో నల్లుల కోసం దేవుడికి స్తోత్రం చెల్లించింది. పిచ్చివాడి చేత కూడా దేవుడు పని చేయించుకుంటాడని ఆవిడ అనుకుంది.

తర్వాత రోజుల్లో పిల్లలకి ఆ నీళ్ళు పెద్ద పండగైపోయింది. కొబ్బరి చిప్పలు పట్టుకుని కావిడి వెనక పరిగెత్తేవారు. వాళ్ళకి నాయకురాలు సలోమి. ఏ పాకలో ఎన్ని బొంతలున్నాయో దానికి కంఠతా వచ్చు, ఒక్కటి వదలనిచ్చేది కాదు. సాయంత్రాలు సముద్రపొడ్డున పరిగెత్తి వచ్చి గటగటా రెండు గ్లాసుల నీళ్ళు తాగేది. లీలారాణి చెయ్యి గ్లాసు దాకా వెళ్ళేది. కాని తాగొద్దని అనలేకపోయింది. ఏమైతే ఏం, తెల్లారితే అందరూ తడిసేవాళ్ళే కదా.

పరుపు మాత్రం ఆరలేదు. పైన ఎండేది, లోపల బూరుగు దూది తడి కక్కుతూనే ఉండేది. అది ఆరేలోపు మళ్ళీ తెల్లారేది.

ఒక సాయంత్రం ప్రార్థన కాగానే ఎస్తేరమ్మ గారు లేచింది. ఆవిడకి కోపం వస్తే పుస్తకంలోలా మాట్లాడుతుంది. ఇన్ని రోజుల్లో ఈ తోటలో ఒక్క నల్లిని ఎవరైనా చూశారా అని అడిగింది. చూస్తే చూపించమంది, చూపిస్తే తన పరుపు తానే సముద్రంలో పారేస్తానంది. చూపించలేకపోతే రేపటి నుంచి ఈ ఉప్పునీళ్ళ బాప్తిస్మం ఆపెయ్యాలంది.

కృపారావు గారు తువ్వాలు చేత్తో నలుపుతూ నిలబడ్డాడు. ఆయన దగ్గర నల్లి లేదు.

అధ్యక్షత వహించిన పాస్టరు ఆశీర్వాదం గారు నిండైన మనిషి, మీసాలున్నవాడు. ఆయన గొంతు సవరించుకుని, నీళ్ళు ఆపాలన్న వాళ్ళు చేతులెత్తండి అన్నాడు. చేతులు లేచాయి. బేతేలు లేచింది, షారోను లేచింది. ఆఖరికి లీలారాణి పక్కనే కూర్చున్న సీమోను కూడా, వీపంతా ఉప్పుకి దురద పుడుతూ ఉందేమో, చెయ్యెత్తాడు.

లీలారాణి ముందు వరసలో పిల్లల మధ్య కూర్చున్న సలోమి వైపు చూసింది. ఆ పిల్ల చేతిలో కొబ్బరి చిప్ప ఉంది. మొహం పాలకొండ పెళ్ళినాటి మొహం.

లీలారాణి సభలో ఎన్నడూ నోరు విప్పిన మనిషి కాదు. లేచి నిలబడింది.

"నల్లులున్నాయి అయ్యగారూ. మా పాకలోనే ఉన్నాయి."

అందరూ తిరిగారు.

"రాజాం నుంచి మా బొంతల్లోనే వచ్చాయి. చెప్పుకోడానికి సిగ్గేసి ఊరుకున్నాను. ఉప్పునీళ్ళు పోస్తూ ఉంటే కాస్త నయంగా ఉంది. ఆపేస్తే అందరికీ పాకుతాయి."

ఆడవాళ్ళు మెల్లిగా చీరలు దగ్గరికి లాక్కున్నారు. ఎస్తేరమ్మ గారు కుర్చీతో సహా రెండడుగులు జరిగింది. సీమోను నోరు తెరిచాడు. నెలనెలా ఇల్లంతా డి.డి.టి. కొట్టే మనిషి.

"మన ఇంట్లో నల్లులేమిటే?"

లీలారాణి ఆయన కాలు తొక్కింది. గట్టిగానే తొక్కింది. ఆయన ఎత్తిన చెయ్యి దించేశాడు.

ఆశీర్వాదం గారు మీసం దువ్వుకున్నాడు. చెవులు రెండూ ఎర్రబడ్డాయి. చివరికి, "నేను చిన్నప్పుడు బోర్డింగులో వీరి దగ్గరే పెరిగాను. మా బొంతలకీ రోజూ ఇదే వైద్యం. నా మట్టుకు నాకు చాలా మేలు చేసింది. సాగనివ్వండి" అని, ఎవరికీ మాట్లాడే వీలివ్వకుండా ముగింపు ప్రార్థనకి కళ్ళు మూసుకున్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఎలీము వాళ్ళ పక్కన ఎవరూ కూర్చోలేదు. లీలారాణి తల వంచుకుని అన్నం కలుపుతూ ఉంటే, జ్ఞానసుందరమ్మ వచ్చి పళ్ళెం నిండా వేయించిన అప్పడాలు పెట్టింది.

"మా ఆయన ఇమ్మన్నాడమ్మా. మీరు తెచ్చిన అప్పడాలు మీ పక్కలోనే ఉండనీమన్నాడు. తినడానికి ఇవి అన్నాడు. నాకేటీ తెలీదు తల్లీ, సెప్పమన్నాడు సెప్పినాను."

లీలారాణి అప్పడం విరవబోయి ఆగిపోయింది. నెత్తి మీద చుట్ట పెటపెటలాడటం, చెయ్యెత్తి నొక్కి చూడటం గుర్తొచ్చాయి. ఎవరి పక్కలైనా ఆయనే ఎందుకు మోస్తాడో తెలిసింది. ఒక ఏడు రెండు రోజులూ, ఒక ఏడు చివరిదాకా ఎందుకు పోస్తాడో తెలిసింది. పాస్టరు గారి చెవులు ఎందుకు ఎర్రబడ్డాయో కూడా తెలిసి, నవ్వొచ్చి, పక్కకి తిరిగి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని సీమోను తన వాటా అప్పడాలు కూడా ఆమె పళ్ళెంలో వేశాడు.

బళ్ళు కట్టే రోజు తెల్లారింది. సలోమి బొంతని రెండు చేతులా పొదివి పట్టుకుని పాకలోంచి పరిగెత్తుకొచ్చింది. కృపారావు గారు అప్పుడే కావిడి భుజానికెత్తాడు. పిల్ల బొంత ముందుకి చాపింది. ఆయన దాని మూల పట్టుకుని నలిపి చూశాడు. బొంతంతా పొడిగా, గలగలలాడుతూ ఉంది.

ఆయన కావిడి దింపి, రెండు కుండలూ సరుగుడు చెట్టు మొదట్లో వంపేశాడు.

"ఈయేల పని లేదు. నల్లులన్నీ సచ్చిపోనాయి."

అలవాటుగా బొంతలు పట్టుకుని గుమ్మాల్లో నిలబడ్డ జనానికి ఏం చెయ్యాలో తోచలేదు. ఎస్తేరమ్మ గారు, "ఏమండీ, మాది పొయ్యరా?" అని కూడా అడిగింది. పిల్లలైతే గోల పెట్టేశారు. ఆఖరి రోజు, ఒక్క చెంబైనా పోయాలన్నారు.

"ఒగ్గీండర్రా, ఎవుల బొంత మీద పోస్తాను? నల్లుల్లేవు కదా."

సలోమి ఆలోచించింది. తోటలో ప్రతి బొంతా దానికి కంఠతా వచ్చు. అన్నేళ్ళూ, అన్ని తెల్లవారుజాములూ నీళ్ళు పడని బొంత ఒక్కటే ఉంది. చిప్ప పుచ్చుకుని సముద్రం దాకా పోయి, నింపుకుని, ఒలకకుండా నడిచి వచ్చి, తిన్నగా కృపారావు గారి పాకలో దూరింది. వెనక పిల్లలందరూ దూరారు.

బళ్ళు కదిలే వేళకి తోటలో తీగ మీద ఒక్కటే బొంత ఆరుతోంది. దాని పక్కన కృపారావు గారు, ఇంట్లో పెళ్ళి జరుగుతున్న పెద్దమనిషిలా నిలబడి, అందరికీ వందనాలు చెబుతున్నాడు. ఈ బొంత ఎవరు తడిపారని అడిగిన ప్రతి ఒక్కరికీ, బండి మీంచి తలెత్తి, నేనే తడిపాను అని సలోమి గట్టిగా చెప్పింది.