ఆదిమూలం మాస్టారి పుట్ట

ఆదిమూలం మాస్టారు ఏ కథ ఆడించినా అందులో ఒక పుట్ట ఉండి తీరాలి. పాములుండే మట్టి పుట్టే. దాన్ని అట్టముక్కతో చేసి ఒక మూల నిలబెడదామంటే ఒప్పుకోడు. లోపల మనిషి కూర్చోవాలి. ఆ మనిషి మొహానికి నిండా రంగు వేసుకోవాలి, కాటుక దిద్దుకోవాలి, పెదవులకు లిప్‌స్టిక్ పూసుకోవాలి. ఇంతా చేస్తే జనానికి కనపడేది పుట్ట కంతలోంచి పైకి వచ్చే రెండు చేతులే.

శ్రీనివాస కల్యాణంలో పుట్ట కావాలి, ఒప్పుకుందాం. స్వామి పుట్టలో దాక్కోవడం, ఆవు వచ్చి పాలు కార్చడం తిరుపతిలో చంటిపిల్లలకు కూడా తెలుసు. మరి కుబేరుడి కొలువులో పుట్ట ఎందుకు? పాలసముద్రం నడుమ పుట్ట ఎందుకు? కాణిపాకంలో వినాయకుడి కథ ఆడినప్పుడు బావి పక్కన కూడా పెట్టించాడు. ఆ రోజు ఆయన బృందంలో ఆడే కృపారాణి ఉండబట్టలేక అడిగింది.

"బావి కాడికి పుట్ట యాడ నుంచి వచ్చింది మాస్టారూ?"

"బావి తవ్వితే మన్ను రాదా? ఆ మన్నే పుట్టయింది."

"ఒక్క పూటలోనే చెద పట్టేసిందా?"

"దేవుడి బావి కదమ్మీ. తొందరగా పడతాది."

సూళ్లూరుపేటలో ఒక బడివాళ్లు వార్షికోత్సవానికి రాకెట్ మీద బ్యాలే కావాలన్నారు. బ్యాలే అంటే మునివేళ్ల మీద నిలబడే సీమదొరల ఆట అనుకునేరు. మా వైపు బ్యాలే అంటే పాటకు ఆడుతూ కథ చెప్పే నృత్యనాటకమే. సరే, పిల్లలు పొగగా, మంటగా, చుక్కలుగా తిరిగారు. రాకెట్ లేచింది. దాని పక్కనే పుట్ట. అందులోంచి రెండు చేతులు పైకి వచ్చి రాకెట్‌కు హారతి పట్టాయి. హెడ్‌మాస్టరు తెరిచిన నోరు మూయలేదు. చప్పట్లు మాత్రం రాకెట్ కంటే పుట్టకే ఎక్కువ పడ్డాయి. దాంతో మాస్టారి పిచ్చి ఇంకాస్త ముదిరింది.

బృందానికి శ్రీ పద్మసరోవర నృత్యనాటక బృందం అని నోరారా పేరు పెట్టుకున్నాడు పాపం. జనం మాత్రం పుట్ట బ్యాలే అంటారు. ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో తిరునాళ్ల పోస్టరు మీద ఆ పేరు లేకపోతే కమిటీవాళ్లకు తలవంపులు. ఇప్పుడు సినిమా పాటలకూ సన్మానాలకూ నడుమ కాస్త ఖాళీ ఉంటే పిలుస్తారు. శ్రీనివాసుడు పద్మావతిని చూసీచూడకముందే పెళ్లి అయిపోవాలి. కార్యకర్త ఒకడు పక్కన నిలబడి గడియారం చూపిస్తుంటాడు.

ఆ బృందంలో కృపారాణి పద్మావతి. ఆదివారం పొద్దున చర్చిలో కీర్తనలు పాడేది. సాయంత్రం తోటలో చెలికత్తెల చేత శ్రీనివాసుడి గుర్రం మీద రాళ్లు వేయించేది. ఇరవై ఏళ్లు ఆమె తప్ప ఇంకొకరు ఆ వేషం కట్టలేదు. పలమనేరులో ఒక ఆటలో, తోట దృశ్యంలో పూబంతి కోసం ఎగిరి తిరగబోయింది, ఎడమ మోకాలు పట్టు తప్పింది. ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకుంది. కట్టు విప్పిన పెద్దాయన దాచకుండా చెప్పాడు.

"నడక బాగా వస్తాదమ్మా. ఎగిరి దూకేది మాత్రం ఇంగ మరిసిపో."

మరిచిపోవడానికి అదేమైనా గొడుగా? పద్మావతి వేషం బృందంలోని పడుచుపిల్ల లోహితకు పోయింది. ఆ పిల్లకు దండ వేసే అడుగు నేర్పింది కూడా కృపారాణే. పక్కన కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టాల్సి వచ్చినప్పుడల్లా ఆ పిల్ల చేసే తప్పులే లెక్కపెట్టుకునేది. ఆట తప్ప ఆమెకు ఇంకో బతుకు లేదు, ఆ ఆటే తనను బయటికి నెడుతోంది.

అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి ఉంది. పుట్టలో కూర్చునేది ఎవరో ఆమెకు బాగా తెలుసు. తనకు ముందు పద్మావతిగా ఆడిన తిరుమలమ్మ నడుం పడిపోయాక పుట్టలోకి వెళ్లింది. ఆమె పోయాక, ఒకనాటి శ్రీనివాసుడు గురప్ప తుంటి అరిగి పుట్టలోకి వెళ్లాడు. పనికిరాని సామాను పారేసే చోటు అది అని పడుచువాళ్లు నవ్వుకునేవాళ్లు. అందరికన్నా గట్టిగా నవ్వింది కృపారాణే.

ఇప్పుడు గురప్ప కూడా వేషం మానేసి, రేణిగుంటలో కూతురి టిఫిన్ అంగట్లో గల్లా దగ్గర కూర్చుంటానన్నాడు. పుట్ట ఖాళీ అయింది. అందరూ కృపారాణి వైపు చూశారు.

"నా వైపు సూడబాకండి. ఇంటికాడ కూచోని పూలన్నా కట్టుకుంటా గానీ పుట్టలోకి పోను" అంది. మాస్టారు విననట్టు, పాటకు వేసే ఇత్తడి తాళాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఆ రోజుల్లోనే చిత్తూరు నుంచి భానుచందర్ కారులో దిగాడు. ఒకప్పుడు ఇదే బృందంలో శ్రీనివాసుడి గుర్రానికి వెనక కాళ్లు. ఇప్పుడు ఉత్సవాలకు స్టేజీలు, లైట్లు, గోడంత స్క్రీను సరఫరా చేసే పెద్దమనిషి. చిత్తూరులో పెద్ద ఉత్సవం, మూడు సాయంత్రాలు మనవే, నచ్చితే ఏడాది పొడుగునా పిలుస్తారని చెప్పాడు. బృందమంతా కాఫీ తాగడం కూడా మరిచిపోయి వింది.

"ఒకే ఒక మాట మాస్టారూ. పుట్ట వద్దు. స్క్రీను మీద నేనేస్తా. పాము బుస కూడా కొడతాది."

"లోపల ఎవురుంటారు?"

"ఎవురూ ఉండరు. స్క్రీను కదా."

"ఎవురూ లేని పుట్ట నాకెందుకప్పా?"

"కాలం మారింది మాస్టారూ."

"మారనీ. మా పుట్ట ఆడ్నే ఉండాది. కాఫీ తాగిపో."

భానుచందర్ కాఫీ తాగలేదు. వెళ్తూ వెళ్తూ బృందంలోని మంచి కుర్రాళ్లను వెంట తీసుకుపోయాడు. వాళ్లను తప్పుపట్టడానికి ఎవరికీ నోరు రాలేదు. మిగిలినవాళ్ల తరఫున కృపారాణి లేచింది.

"మీ పుట్ట పిచ్చికి ఇంతమంది నోటికాడి కూడు పోయింది మాస్టారూ. సంతోషమేనా?"

"అరిస్తే మోకాలు నొప్పి తగ్గతాదా అమ్మీ?"

"తగ్గదు."

"అయితే గమ్మున కూర్చో."

కూర్చోలేదు. ఆ పుట్టను ఈరోజే పొయ్యిలో పెడతానంటూ కుంటుకుంటూ సామాన్ల గదిలోకి వెళ్లింది. అక్కడ గురప్ప తన పాత కిరీటాన్ని సంచీలో సర్దుకుంటున్నాడు. ఆమె పుట్ట మీది గోనెగుడ్డను ఒక్క గుంజు గుంజింది.

లోపల గురప్ప కూర్చునే ఎత్తు పీట లేదు. దాని చోట పొట్టి కుర్చీ ఒకటి బిగించి ఉంది. కుర్చీకి ఎడమ పక్కన, కాలు చాపుకునేంత పొడవున చెక్క కొట్టి, దాని మీద దూది పరిచి మెత్త కుట్టారు. మోకాలు ఆనే చోట ఇంకొంచెం ఎత్తు. కుడి పక్కన ఏమీ లేదు.

"అది నాది కాదులే పాపా" అన్నాడు గురప్ప. "నువ్వు పుత్తూరు నుంచి వచ్చిన మర్నాడే నా పీట పీకేసినాడు. అప్పట్నుంచి నేనూ దీంట్లోనే సర్దుకుంటా వచ్చినా."

"నేను కూచోనని చెప్తి కదా."

"చెప్తావని ఆయనకూ తెలుసు. అయినా చేసినాడు."

కృపారాణి మెత్తను చేత్తో నొక్కి చూసింది. గురప్ప సంచీ పక్కన పెట్టి, ఆమెకు తెలియని పాత సంగతి చెప్పాడు. పనీపాటా లేని చుట్టాలు మీద పడకుండా, మొహానికి రంగు వేసుకున్నవాళ్లకే రాబడిలో వాటా అని మొదట్లో మాస్టారే రూలు పెట్టాడు. ఆ రూలు మొదట తగిలింది తిరుమలమ్మకే. నడుం పోయిన మనిషికి ఊరికే ఇవ్వబోతే ఆమె పుచ్చుకోలేదు. నేనేమన్నా అడుక్కునేదాన్నా అని వెనక్కి పంపింది.

"కుబేరుడి కొలువులో పుట్ట యాల వచ్చిందనుకుంటివి? ఆ కథలో తిరుమలమ్మకి వేషం లేదు."

"మరి రాకెట్ కాడ?"

"ఆ పొద్దు నేనే. లిప్‌స్టిక్ తోనే."

కృపారాణి పుట్టలోకి దూరి కూర్చుంది. ఎడమ కాలు చాపింది. అంగుళం తేడా లేకుండా సరిపోయింది. దాంతో ఆమెకు ఇంకా కోపం వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది.

"అడక్కుండానే కొలత ఎట్లా తీసినాడన్నా?"

"ఇన్నేండ్లూ నీ కాళ్లనే కదమ్మా సూస్తా వచ్చినాడు."

చిత్తూరు ఉత్సవం భానుచందర్ కుర్రాళ్లదే అయింది. స్క్రీను మీద పుట్ట లేచిందట, పాము బుస కొట్టిందట, జనం ఫోన్లలో తీసుకున్నారట. అదే సాయంత్రం మన బృందం నారాయణవనంలో రెండు ట్యూబ్‌లైట్ల కింద ఆడింది. ముందు వరుసలో కొందరు ముసలమ్మలు, వాళ్ల ఒళ్లో నిద్రపోతున్న పిల్లలు. ఎవరూ పిలవకపోయినా కృపారాణి అద్దం ముందు కూర్చుని మొహానికి నిండా రంగు వేసుకుంది. మాస్టారు ఒక్కసారి చూశాడు.

"కాటుక ఇంకొంచెం" అని వెళ్లిపోయాడు.

ఆవు పాలు కార్చినప్పుడు పుట్టలోంచి రెండు చేతులు లేచి దోసిలి పట్టాయి. ముసలమ్మలు దండం పెట్టుకున్నారు. తోట దృశ్యంలో పుట్టకు పని లేదు, అయినా మాస్టారి పుణ్యమా అని అది అక్కడే ఉంది. లోహిత అడుగు మరిచిపోయి బిక్కచచ్చి నిలబడింది. పుట్టలోని చేతులు మెల్లగా పైకి వచ్చి తర్వాతి ముద్ర పట్టి చూపించాయి. లోహిత అందుకుంది. కృపారాణి నేర్పిన అడుగు ఇంకా వేదిక మీదే ఉంది.

తెర పడగానే మాస్టారు మండిపడుతూ వచ్చాడు.

"పుట్ట యాడన్నా ఆట నేర్పిస్తాదా అమ్మీ? జనం సూసినారు."

"దేవుడి పుట్ట కద మాస్టారూ. నేర్పిస్తాది."

మాస్టారు తాళాలు తీసి తుడిచాడు. తర్వాత, ఎటో చూస్తూ, వచ్చే కథలో పుట్టలు రెండుంటాయన్నాడు.

"రెండోదాంట్లో ఎవురు?"

మాస్టారు స్టేజీ దిగడానికి వెళ్లి గుంజ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద ఊపిరి పీల్చుకుంటూ దిగాడు. కృపారాణి వెనకే నిలబడి చూసింది.

"ఏ కాలు మాస్టారూ?"

"రెండూ" అన్నాడు, ఆమె వైపు తిరగకుండానే.

"సరే. రెండు పక్కలా చెక్కలు కొట్టిస్తా. మొహానికి మాత్రం నిండా రంగు వేసుకోవాల. లిప్‌స్టిక్ కూడా."

"నాకు లిప్‌స్టిక్ యాలమ్మీ? కనపడేది చేతులే కదా."

"రూలు మీరు పెట్టిందే మాస్టారూ" అంది కృపారాణి.