చూపు డబ్బా

పైసా తేడా రాని మనిషి అని ఒకడికి పేరొచ్చిందంటే చాలు, ఆ పేరు నీడన పదిమంది చల్లగా కూర్చుని మేస్తారు. కండక్టరుగారి విషయంలో జరిగింది అదే. బస్సు దిగి పదకొండేళ్ళయినా ఊళ్ళో అందరికీ ఆయన కండక్టరుగారే. ముప్ఫై మూడేళ్ళ ఉద్యోగంలో ఒక్క రోజు కూడా టికెట్లకూ డబ్బుకూ తేడా రానివ్వలేదు. ఒక నాణెం తగ్గితే సొంత జేబులోంచి వేసేవాడు. ఎక్కువైతే, ఎవరిదో పాపం అనుకుని దాన్ని కూడా డిపోలో కట్టేసి రసీదు తెచ్చుకునేవాడు. ఆ రసీదుల కట్ట ఇప్పటికీ బీరువాలో ఉంది. "ఎక్కువ కట్టినందుకు రసీదులు దాచుకున్న మనిషిని నేనింకెక్కడా చూడలేదమ్మా" అని ఆయన భార్య ఇంటికొచ్చినవాళ్ళకు చూపించి మరీ నవ్వేది.

ఆ ముప్ఫై మూడేళ్ళలో ఇరవై రెండేళ్ళు ఆయన బస్సు నడిపినవాడు ఒక్కడే. ఇద్దరికీ చుట్టరికం లేదు, అయినా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. రోజూ బండి దిగాక కండక్టరు బత్తా డబ్బులు రెండు వాటాలు చేసి ఒకటి డ్రైవరు చేతిలో పెడితే, అతను చూడనైనా చూడకుండా చొక్కా జేబులో పోసుకునేవాడు.

"లెక్కపెట్టుకో బావా" అంటే, "నువ్వు పెట్టావుగా, మళ్ళీ నేనెందుకు? నేను బ్రేకు తొక్కితే నువ్వొచ్చి ఇంకోసారి తొక్కి చూస్తున్నావా?" అనేవాడు.

ఒకసారి డ్రైవరు భార్య అదే బస్సెక్కింది. కండక్టరు ఆవిడ ముందు కూడా చెయ్యి చాపాడు. "రూలు రూలే అక్కయ్యా" అన్నాడు. ఆవిడ మూతి ముడుచుకుని డబ్బులిచ్చింది. ముందు అద్దంలో ఇదంతా చూసిన డ్రైవరు బండి పక్కకాపి మరీ నవ్వాడు.

ఉద్యోగం అయిపోయిన వారానికే సేవా సంఘం ప్రెసిడెంటు ఇంటికొచ్చాడు. పెద్ద ఫర్నిచరు కొట్టు ఆయనది. కూర్చునే ముందు కుర్చీని రెండుసార్లు కదిపి చూసుకునే అలవాటు. "మీలాంటి నిప్పులాంటి మనిషి మా కోశాధికారి అయితే, జనం కళ్ళు మూసుకుని డబ్బులు వేస్తారండీ" అన్నాడు. అన్నట్టే జనం వేశారు కూడా. కళ్ళు మూసుకోవడంలో మాత్రం మన కండక్టరుగారు వాళ్ళందరినీ మించిపోయాడు.

సంఘానికి ఊళ్ళో పన్నెండు డబ్బాలుండేవి. తెల్లటి రేకు డబ్బా, మీద నీలం రంగు కన్ను బొమ్మ, మూతకు దారం కట్టి లక్క సీలు, సీలు కింద కండక్టరుగారి సంతకం. మందుల కొట్టు, చెప్పుల కొట్టు, డిపో ఎదురుగా టీ కొట్టు, ఇలా గల్లాపెట్టె ఉన్న చోటల్లా ఒకటి. లేనివాళ్ళకు కంటి ఆపరేషన్లు చేయించడానికి ఆ డబ్బు. జనం దాన్ని చూపు డబ్బా అనేవారు. టీ కొట్టులో డబ్బా పెట్టిన రోజు నుంచీ డ్రైవరు పొద్దున్నే టీ తాగి రెండు నాణేలు అందులో వేసి వెళ్ళేవాడు. రెండు కళ్ళకు రెండట.

ఇక ఆ సంఘం పద్ధతి వినాలి. మూడు నెలలకోసారి ఆదివారం మధ్యాహ్నం, హోటలు మేడమీద హాల్లో, డబ్బాలు తెరిచే సభ. తెల్ల గుడ్డ పరిచిన బల్లమీద పన్నెండు డబ్బాలూ వరసగా పెట్టేవారు. ప్రెసిడెంటు వెండి పూత కత్తెరతో మొదటి సీలు దారం కత్తిరించేవాడు, ఫొటో, చప్పట్లు. తర్వాత ముప్ఫై మంది సభ్యులూ భోజనాల వైపు లేచిపోయేవారు. కండక్టరుగారొక్కడే మిగిలి, నాణేలు పదేసి చొప్పున అరచేతిలో పేర్చుకుంటూ లెక్కపెట్టేవాడు. ఆయన పద్దు ముగించేసరికి పక్కనే ఒక పళ్ళెం మూతపెట్టి సిద్ధంగా ఉండేది. మాంసం ముక్కలు, వేపుళ్ళు, కరిగిపోయిన ఐస్‌క్రీం. ఎన్నిసార్లు కడిగినా వేళ్ళకు నాణేల వాసన పోయేది కాదు, ఆ వేళ్ళతోనే తినేవాడు.

ఆ భోజనాల ఖర్చు డబ్బాల నిధి నుంచే. మొదటిసారి ఆయన అడిగాడు.

"జనం కళ్ళ కోసం వేసిన డబ్బండీ ఇది. మన భోజనం ఇందులోంచి తియ్యొచ్చా?"

"సభ దేనికి పెట్టాం? డబ్బాలు తెరవడానికేగా" అన్నాడు ప్రెసిడెంటు. "డబ్బాలు లేకపోతే సభే లేదు. బిల్లు ఉందో లేదో చూడండి మీరు."

బిల్లు ఉంది. తేదీ ఉంది, హోటలువాడి ముద్ర ఉంది. బిల్లుంటే మన కండక్టరుగారికి ఇంకేం అక్కర్లేదు. బస్సులో టికెట్టుకు డబ్బు సరిపోతే ఆయన పని అయిపోయినట్టే, బండి ఎటు పోవాలో చూసుకోవడానికి ముందు డ్రైవరున్నాడు. ఈ సంఘంలో ముందు సీట్లో కూర్చున్నదెవరో ఆయన తొంగి చూడలేదు. సరిపోయిందా? సరిపోయింది. పదకొండేళ్ళు ఆ ఒక్క మాటతో గడిపేశాడు. కంచే చేను మేస్తుంటే గట్టుమీద కూర్చుని గడ్డిపరకలు లెక్కపెట్టడమంటే ఇదే.

బానర్ల సంగతి మరీ రోత. 'ఉచిత కంటి ఆపరేషన్ల శిబిరం' అని నిలువెత్తు అక్షరాలు, పక్కన ప్రెసిడెంటు నవ్వు మొహం, తేదీ దగ్గర మాత్రం ఖాళీ. శిబిరం వాయిదా పడ్డ ప్రతిసారీ కొత్త తేదీ కాగితం అతికించుకుంటే సరిపోతుందని. కాగితం మీద కాగితం పడి ఆ చోటు అట్టలా ఉబ్బింది. సేవ గోరంత, చాటింపు కొండంత. విరాళాలిచ్చినవాళ్ళకు షీల్డులు, షీల్డులిచ్చినవాళ్ళకు ఇంకో సభలో మళ్ళీ షీల్డులు.

ఈలోగా డ్రైవరు కుడికన్ను మసకబారింది. ఎండలో తిరిగిన కన్ను కదా అనుకుంటుండగానే పూర్తిగా పోయింది. డాక్టరు పరీక్ష చేసి, లోపల ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయిందని, ఎడమ కంట్లోనూ అదే మొదలైందని చెప్పాడు. ఆర్నెల్లలో ఆపరేషన్ చేయించకపోతే అదీ పోతుంది, పోయాక దేవుడు దిగొచ్చినా రాదన్నాడు. విడిగా చేయించుకుంటే ముప్ఫై వేలవుతుంది. సంఘం శిబిరంలో నలుగురైదుగురిని ఒకేసారి తీసుకొస్తే ఆసుపత్రివాళ్ళు తలకు నాలుగు వేలకే చేస్తారు.

"మీ సంఘం ఉందిగా బావా" అన్నాడు డ్రైవరు ధీమాగా. "పదేళ్ళ నుంచి వేస్తున్నాను నాణేలు. ఇప్పుడు నా వంతు."

కండక్టరుగారు ఆ సాయంత్రమే శిబిరం లిస్టు తెరిచి ఒకటో నంబరు దగ్గర డ్రైవరు పేరు రాశాడు. ప్రెసిడెంటు సరేనన్నాడు. ఆ వచ్చే నెల జిల్లా మహాసభ పడింది, నలుగురు పెద్దలు కారులో వెళ్ళొచ్చారు, శిబిరం వాయిదా. తర్వాత ప్రెసిడెంటు ఐదోసారి ప్రమాణ స్వీకారం, దానికి బంగారు రంగు అంచున్న ఆహ్వానపత్రాలు, మళ్ళీ వాయిదా.

కండక్టరుగారి భార్య ఊరుకోలేదు. "మన దగ్గర అరవై వేలున్నాయి. అందులోంచి తీసి చేయించకూడదూ?"

"మనమిస్తే వాడికది దానమవుతుందే. సంఘమిస్తే హక్కవుతుంది. లిస్టులో మొదటి పేరు వాడిదే."

"మొదటి పేరు, మొదటి పేరు! ఆ లిస్టు కదలదేం?"

"రూలు ప్రకారం కదులుతుంది" అన్నాడాయన. ఆవిడ అన్నం గిన్నెమీద మూత ఠపీమని వేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రూలు నెత్తిన పిడుగు పడ!

ఏడో నెలలో డబ్బాలు తెరిచే సభ వచ్చింది. ఆ రోజు కండక్టరుగారు ఎన్నడూ లేనిది, లెక్క పూర్తయ్యాక పళ్ళెం జోలికి పోకుండా లేచి నిలబడ్డాడు.

"శిబిరం ఇంక ఆపొద్దండీ. లిస్టులో మొదటి మనిషికి గడువు దాటిపోయింది."

"చేద్దాం, తప్పకుండా చేద్దాం" అన్నాడు ప్రెసిడెంటు, మూతి తుడుచుకుంటూ. "నిధిలో ఎంతుందో చెప్పండి."

కండక్టరుగారు పుస్తకం చూశాడు. ఇవాళ్టి నాణేలు కలిపి, ఇవాళ్టి హోటలు బిల్లు తీసేస్తే...

"నూట నలభై."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రెసిడెంటు మాత్రం నవ్వలేదు, చేతులెత్తి చప్పట్లు మొదలుపెట్టాడు. "చూశారా, ఆ నూట నలభై కూడా పొల్లుపోకుండా చెప్పాడాయన. పదకొండేళ్ళుగా ఆడిట్లో ఒక్క అభ్యంతరం లేదు. ఇలాంటి కోశాధికారి ఏ సంఘానికుంటాడండీ?" అని బల్లకింద నుంచి ఒక షీల్డు తీశాడు. ముందే చేయించి పెట్టారు. దాని బిల్లు కూడా పుస్తకంలో ఉంది, కండక్టరుగారే రాసుకున్నాడు, ఎవరికో తెలియక.

షీల్డు చంకలో పెట్టుకుని కూర్చుని ఆయన పుస్తకం మొదటి పేజీకి తిప్పాడు. పదకొండేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని చేశాడు. జమకు ఖర్చు సరిపోయిందా అని కాదు, ఖర్చు ఎవరి మీద అయిందో వేరుచేసి కూడాడు. డబ్బాల్లో వచ్చింది మూడు లక్షల తొంభై ఆరు వేల నూట నలభై. నలభై నాలుగు సభల భోజనాలు రెండు లక్షల ఎనభై ఆరు వేలు. బానర్లు, షీల్డులు, ప్రయాణాలు డెబ్భై నాలుగు వేలు. ఆపరేషన్లు ముప్ఫై ఆరు వేలు. నాలుగు వేల చొప్పున తొమ్మిది కళ్ళు. ఊరు ఊరంతా పదకొండేళ్ళు నాణేలు వేస్తే తొమ్మిదంటే తొమ్మిది కళ్ళు.

నలభై నాలుగు సభల్లో ఒక్కటి కూడా ఆయన మానలేదు. ఈ రోజుది తప్ప నలభై మూడు పళ్ళేలు ఆయనా ఖాళీ చేశాడు. తిలా పాపం తలా పిడికెడు అంటారు, ఆ పిడికిట్లో తనదెంతో ఆయనకు మొదటిసారి లెక్క తేలింది. పక్కన పళ్ళెంలో ముక్కలమీద నూనె గడ్డకట్టి ఉంది. ఎదుటి బల్ల దగ్గర ప్రెసిడెంటు పళ్ళలో ఇరుక్కున్నదేదో పుల్లతో తీసుకుంటున్నాడు. కండక్టరుగారు గబగబా లేచి చేతులు కడుక్కునే గదికి వెళ్ళి, పొద్దున తాగిన కాసిని టీ నీళ్ళూ కక్కుకున్నాడు. అద్దంలో తన మొహం చూసుకుని, "థూ" అన్నాడు. షీల్డు అక్కడే తొట్టి పక్కన వదిలేశాడు.

మర్నాడు బ్యాంకు తలుపులు తీయగానే ముప్ఫై వేలు తీసి డ్రైవరును ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు ఎడమ కంట్లోకి చాలాసేపు దీపం వేసి చూశాడు. "రెండు నెలల ముందు తెచ్చి ఉంటే నిలబెట్టేవాణ్ణి. ఇప్పుడు డబ్బు ఖర్చు తప్ప ఏమీ లేదు. వెలుతురూ చీకటీ మాత్రం తెలుస్తాయి, అదీ కొన్నాళ్ళే" అన్నాడు.

మెట్లు దిగుతుంటే డ్రైవరు కండక్టరుగారి భుజం పట్టుకుని నడుస్తూ ఆయన్నే ఓదార్చాడు.

"నువ్వు బాధపడకు బావా. నీ తప్పేముంది ఇందులో? డబ్బాలు నిండొద్దూ? జనం వెయ్యకపోతే నువ్వు మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తావు?"

నోరు తెరవాల్సిన చోటు అదే. కండక్టరుగారు తెరవలేదు. తేలు కుట్టిన దొంగలా ఇల్లు చేర్చి వచ్చాడు.

ఆ మర్నాడు పొద్దున గోనెసంచి పట్టుకుని కొట్టుకొట్టుకూ తిరిగాడు. తన సంతకమున్న డబ్బా ఒక్కటి కూడా ఊళ్ళో ఉంచదలచుకోలేదు. ఏమైందండీ అని అడిగినవాళ్ళందరికీ "ఇంక వెయ్యకండి, మేం తినేశాం" అనే చెప్పాడు. మందుల కొట్టాయన హాస్యమనుకుని నవ్వాడు. పన్నెండోది టీ కొట్టు. సంచిలో డబ్బా వేసి తాడు బిగిస్తుండగా డ్రైవరు వచ్చాడు. చేతికర్ర ఇంకా అలవాటు కాలేదు, బల్లకు తగిలించుకుని నిలబడ్డాడు. అలవాటు ప్రకారం రెండు నాణేలు తీసి, డబ్బా ఉండాల్సిన చోట చేత్తో తడిమాడు. మళ్ళీ తడిమాడు.

"డబ్బా ఏదమ్మా?" అన్నాడు.

"కండక్టరుగారు తీసేశారయ్యా. ఇక్కడే ఉన్నారు" అంది టీ కొట్టావిడ.

డ్రైవరు మొహం విప్పారింది. "ఉన్నావా బావా? డబ్బా లేకపోతేనేం, నువ్వున్నావుగా. ఇదిగో, జమ రాసుకో. నా కన్నెలాగూ పోయింది, ఇంకొకడికైనా పనికొస్తుంది." గాలిలో వెతికి ఆయన అరచెయ్యి పట్టుకుని రెండు నాణేలూ అందులో పెట్టి, వేళ్ళు మూశాడు.

"బావా, డబ్బాలు నిండలేదని నువ్వనుకున్నది నిజం కాదు" అన్నాడు కండక్టరుగారు. "బోలెడొచ్చింది. నీలాంటివాళ్ళు తొంభై మందికి సరిపోయేంత వచ్చింది. డబ్బాలు తెరిచిన ప్రతిసారీ విందులు చేసుకున్నాం. తినేశాం."

టీ కొట్టావిడ గరిటె తిప్పడం ఆపేసింది. డ్రైవరు ఆయన గొంతు వైపు తిరిగాడు.

"నువ్వు కూడా తిన్నావా?"

"తిన్నాను. బిల్లులన్నీ సరిపోయాయి బావా. సరిపోయాయి కదా అనుకున్నాను."

డ్రైవరు చెయ్యి చాపాడు. "నా నాణేలు నాకిచ్చెయ్యి."

కండక్టరుగారు ఇచ్చేశాడు. డ్రైవరు వాటిని వెంటనే జేబులో వేసుకోలేదు. బొటనవేలితో ఒక్కొక్కటీ తిప్పి, అంచులు తడిమి, రెండూ ఉన్నాయో లేవో లెక్కపెట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో కండక్టరు చేతినుంచి తీసుకున్న డబ్బు అతను లెక్కచూసుకోవడం అదే మొదటిసారి.