నేర్పేవాడే పెనం పెట్టాలి

మా మేనమామ పోయాడన్న తంతి మద్రాసు ఏరోడ్రోములో నా చేతికి వచ్చింది. చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ పూట బెజవాడకు సరుకు విమానం ఉంది. కెప్టెను పక్కన కో-పైలట్‌గా కూర్చుని వెళ్ళాను, తిరిగొచ్చాను, పుస్తకంలో రాయవలసింది రాశాను. ఆ తర్వాతే సెలవు అడిగాను. ముందే ఎందుకు చెప్పలేదని కెప్టెను అడిగితే నాకు జవాబు తోచలేదు. నెల దాటింది, ఇప్పటికీ తోచలేదు. ఆయన గురించి నాలుగు మాటలు రాస్తే ఏమైనా తెలుస్తుందేమోనని కూర్చున్నాను.

చోడవరం చుట్టుపక్కల చెరకు వేసేవాళ్ళకు ఆయన్ని పరిచయం చెయ్యనక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతాను. ఆయన బెల్లం వండేవాడు. సొంత గానుగ, సొంత పెనం. పెనమంటే మన ఇళ్ళలో అట్లు పోసుకునేది కాదు, నలుగురు పడితే గాని కదలనిది. అందులో చెరకు రసం పోసి, కింద ఎండిన పిప్పితో మంట పెట్టి, పాకం వచ్చేదాకా కాస్తారు. కాస్త ముందు దింపితే బెల్లం గట్టిపడదు, కాస్త ఆగితే మాడుతుంది. మావయ్య పాకం చుక్కను నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండ చేసి చూసేవాడు. ఆ చూసే సేపు ఎవరూ నోరెత్తకూడదు. ఎత్తితే వాళ్ళ మూడు తరాలూ తిట్లు తినేవి.

ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వడ్డాది నుంచి, చీడికాడ నుంచి మనుషులు వచ్చేవారు. ఎవరి దగ్గరా డబ్బు పుచ్చుకునేవాడు కాదు, పైగా తిండి కూడా ఆయనదే. నేర్చుకునేవాడు పెనం పాడుచేస్తే ఆ నష్టమూ ఆయనదే. అది ఆయన పెట్టుకున్న పద్ధతి. మూడు పెనాల దాకా చూసేవాడు. మూడోదీ చెడితే ముఖం మీదే చెప్పేసేవాడు. మా నాన్నను కూడా వదల్లేదట. "బావా, నీకు పాకం పట్టుబడదు. ఎల్లి నీ సేలో నువ్వుండు, ఇద్దరికీ మంచిది" అన్నాడట. నాన్న ఆ మాట నవ్వుతూ అందరికీ చెప్పుకునేవాడు.

నాన్న పోయాక అమ్మా నేనూ మావయ్య ఇంటికి వచ్చేశాం. యుద్ధం రోజుల్లో విశాఖపట్నం వైపు పోయే విమానాలను చూసి నాకు పట్టిన పిచ్చి పెద్దయ్యాక కూడా వదల్లేదు. నాన్న వదిలిన చేను అమ్ముకుని మద్రాసులో విమానం నేర్చుకున్నాను. లైసెన్సు వచ్చింది, ఉద్యోగం మాత్రం రాలేదు. నేను నేర్చుకున్నది ఇద్దరు కూర్చునే చిన్న విమానం మీద. కంపెనీలవి రెండింజన్ల పెద్ద విమానాలు. ఏడాదిన్నర ఖాళీగా ఉన్నాక, అణాలు పోయి కొత్త పైసలు వచ్చిన యేడు, ఒక కంపెనీ ఉత్తరం రాసింది. దాని పేరు రాయను. వాళ్ళ విమానం మీద శిక్షణ నా ఖర్చుతో పూర్తి చేసుకుంటే ఉద్యోగంలోకి తీసుకుంటారట.

ఉత్తరం మావయ్యకు చదివి వినిపించాను. చుట్ట కాలుస్తూ విన్నాడు.

"ఇమానం ఆళ్ళదే గదా?"

"అవును."

"రేపు తోలితే ఆళ్ళకే గదా తోలతావు? మరి నేర్పడానికి నీ దగ్గర డబ్బేటి? పని అడిగీవోడు సేతులు తెస్తాడు. పని ఇచ్చీవోడు పెనం పెట్టాల."

"లోకం అలా లేదు మావయ్యా."

"సరే, కట్టేవే అనుకో. నీకు పట్టుబడకపోతే సెప్తారా?"

నేను ఉత్తరం మడిచి కవర్లో పెట్టాను.

"సెప్పరు. డబ్బు పుచ్చుకున్నోడు పనికిరావని సెప్పలేడ్రా అల్లుడా. సెడిపోయే పెనం నాదైతేనే నాను కళ్ళల్లో వత్తులేసుకుని సూస్తాను."

నాకు కోపం వచ్చింది. బెల్లానికీ విమానానికీ పోలికేమిటన్నాను. అనకాపల్లి దాటి లోకం చూడనివాడివి నీకేం తెలుసన్నాను. ఆయన లేచి వెళ్ళిపోయాడు. ఆ మాట అన్నందుకు సిగ్గుపడుతున్నానని ఇక్కడ రాయడం తేలికే. ఆయనతో అనడానికి రెండేళ్ళు ఉన్నా అనలేదు.

నెల తిరక్కుండా గానుగా పెనమూ అమ్మేసి డబ్బు నా చేతిలో పెట్టాడు. "కట్టీ. నాను సెప్పింది తప్పని కాదు. నువ్విక్కడ ఎండిపోతన్నావు, సూడ్లేకపోతన్నాను" అన్నాడు. ఎందుకు అమ్మావని ఒక్కసారి కూడా అనకుండా పుచ్చుకున్నాను.

ఆయన చెప్పినట్టే జరిగింది. శిక్షణలో పక్కగాలి కొడుతుంటే విమానాన్ని సరిగా దింపలేకపోయాను, రెండుసార్లు. నేర్పే ఆయన "పర్వాలేదు, అలవాటవుతుంది" అని సంతకం పెట్టేశాడు. నేను డబ్బు కట్టిన గంటలు అయిపోయాయి మరి. అది నాకు రాదని చెప్పినవాడు ఉద్యోగంలో చేరాక నా పక్కన కూర్చున్న కెప్టెను. ఒకరోజు దిగేటప్పుడు నన్ను పక్కకు తప్పించి తనే దింపాడు. చెడామడా తిట్టి, ఆ తర్వాత నెలరోజులు దగ్గరుండి నేర్పాడు. "నువ్వే గెలిచావు మావయ్యా" అని ఉత్తరం రాద్దామనుకున్నాను. రాయలేదు, ఊరికీ వెళ్ళలేదు. ఒంట్లో బాగానే ఉందని, వయసు మీదపడి పని మానేశానని ఆయనే రాయించేవాడు. నేను నమ్మాను. నమ్మడం సుఖంగా ఉండేది.

మావయ్య పోయిన పదకొండో రోజున భోజనాలయ్యాక దేవరాపల్లి ఆయన ఒకరు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మావయ్య దగ్గర పాకం నేర్చుకున్నవాళ్ళలో మొదటివాడు. గానుగా పెనమూ కొన్నది ఆయనే. ఆయన కొడుకు కూడా నాలాగే మద్రాసులో లైసెన్సు తెచ్చుకున్నాడు.

"మావోడు సెడ్డాడు బాబూ" అన్నాడు. "ఉద్యోగానికి రాస్తే, నేర్పడానికి డబ్బు కట్టమంతన్నారు. అంటే పనికిరాడనే గదా."

"అలాగని ఎవరన్నారు?"

"మా గురువే, మీ మావయ్యే అన్నాడు. మిమ్మల్ని కంపెనీవోళ్ళే జీతమిచ్చి నేర్పుకున్నారంట. ఒక్క పైస పుచ్చుకోలేదంట. పనొచ్చినోడి దగ్గర డబ్బడుగుతారేట్రా, మా అల్లుణ్ణి అడిగేరా అని పది మందిలో సెప్పీవోడు. ఆ ఉత్తరం వచ్చిన కాడ్నించి నాను మావోడితో మాటాడ్డం నేదు."

అత్తయ్య కేసి చూశాను. గిన్నెలు సర్దుతున్నది తల దించుకుంది. ఆమెకు తెలుసు. ఊళ్ళో ఎవరూ నన్ను డబ్బు పోసి ఉద్యోగం కొనుక్కున్నవాడు అనకూడదని ఆయన ఆ మాట పుట్టించాడు. నేను ఊరుకుంటే అది అలాగే నిలిచిపోయేది. కానీ దేవరాపల్లిలో ఒక కుర్రాడు తప్పు లేకుండా తండ్రి దగ్గర పనికిమాలినవాడయ్యాడు.

"నాచేతా కట్టించుకున్నారు" అన్నాను. "అందరినీ అడుగుతున్నారు. మీ వాడిలో లోటేమీ లేదు, వెళ్ళి మాట్లాడండి. వాళ్ళు అడగడం తప్పు, మావయ్య చెప్పిందే నిజం. అయినా నాకోసం పెనం అమ్మి కట్టాడు."

ఆయన భుజం మీది కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నాతో కళ్ళు పోయేయన్నాడు బాబూ గురువు. పొగకి కళ్ళు మసకలొచ్చేయి, పాకం తెలీడం నేదు, అమ్మేస్తన్నాను అన్నాడు. కళ్ళు పోయినోడు ఎంతకైనా ఇస్తాడు గదాని సగానికి అడిగేను. మారుమాట నేకుండా ఇచ్చేసేడు. తరవాత నా గానుగ కాడే కూలికి ఎద్దుల్ని తోలేడు, రెండేళ్ళు. నా పాకం ముదిరిపోతంటే పక్కనే నిలబడి సూసీవోడు. నోరిప్పీవోడు కాడు. కనపడక గాబోలని అనుకునీవోణ్ణి."

ఆ మాటతో ఆయన కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని, అంతమందిలో వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను పక్కనే కూర్చుని ఆ కండువా అంచు చూస్తున్నాను. అత్తయ్య గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆయన చేతికిచ్చింది. నాకూ కావాలేమోనని నా ముఖంలోకి చూసింది. అక్కర్లేదని తల ఊపాను. ఆమె ఇంకా కాసేపు అక్కడే నిలబడింది.