గోడవైపు తిరిగిన తొంభై తొమ్మిది

మామ పోయాడన్న కబురు రైలు మాలూరు దాటాక అందింది. ఫోను చేసింది ఆయన చెల్లెలు. "పోయినాడమ్మా. కాఫీ అడిగినాడు, నేను కిందికి పోయి తెచ్చేలోపలే..." అని ఆగిపోయింది. నేను ఆయన ఉన్న బెంగళూరు ఆసుపత్రికే వెళుతున్నాను. నా సంచిలో అరచేతిలో పట్టే ఎంపీత్రీ పాటల డబ్బీ ఒకటి ఉంది. అందులో ఆరు సెకన్ల గొంతు ఒకటి ఉంది. దాన్ని ఆయనకు వినిపించాలని తొమ్మిది రోజులు పాటుపడి, పట్టుకుని బయల్దేరాను. ఇంకో గంటన్నర ఉండి ఉంటే వినేవాడు.

ఆయన జ్ఞాపకార్థం వేసే చిన్న పుస్తకానికి నాలుగు మంచి మాటలు రాయమని అడిగారు. రాస్తాను. కానీ మంచి మాటలు మాత్రమే రాస్తే అది అబద్ధమవుతుంది. ఆయనకు నేను చివరగా చెప్పింది కూడా అబద్ధమే. ఇంకొకటి చెప్పే ఓపిక నాకు లేదు.

మామ అంటున్నాను గానీ ఆయన నాకు చుట్టం కాదు. కేజీఎఫ్‌లో, కోలారు బంగారు గని కార్మికుల లైను ఇళ్ళలో, వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. అటువైపు కుక్కరు కూస్తే ఇటు మా అమ్మ లేచి స్టవ్వు కట్టేసేది. నాకు కంప్యూటర్ నేర్పింది ఆయన. ఈరోజు మాలూరు ఫ్యాక్టరీ స్టోర్స్‌లో కూర్చుని నేను తింటున్న అన్నం ఆయన పెట్టిందే.

గనులు నడిచినన్నాళ్ళూ ఆయన టైమ్ ఆఫీసులో గుమాస్తా. లోపలికి దిగే ప్రతి మనిషికీ కిటికీలోంచి ఒక ఇత్తడి టోకెన్ ఇచ్చేవారు. షిఫ్టు అయ్యాక మనిషి పైకొచ్చి టోకెన్ తిరిగిస్తే, దాన్ని బోర్డు మీద దాని కొక్కేనికి తగిలించేవారు. కొక్కెం ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. "కొక్కేలన్నీ నిండేదాకా కిటికీ మూసేకి లేదమ్మా" అనేవాడు మామ. ఇరవై ఏళ్ళు ఆయన చేసిన పని అదే, ఖాళీ కొక్కేలు చూస్తూ కూర్చోవడం.

గనులు మూసేశాక అందరూ ఏదో ఒకటి ఇంటికి తెచ్చుకున్నారు. మామ మూరెడు బోర్డు ముక్క, రెండు టోకెన్లు తెచ్చుకున్నాడు. అరవై ఆరు వాళ్ళ నాన్నది. తొంభై తొమ్మిది అత్త వాళ్ళ నాన్నది. అత్త బడికి పోయే వయసులో, లోపల బండ పేలి ఆయన పైకి రాలేదు. రెండు రోజులకు మనిషినీ టోకెన్‌నూ కలిపి తెచ్చారు.

ఆ తర్వాత మామ కూడా ఊళ్ళో అందరిలాగే తెల్లవారుజామున మారికుప్పం రైలెక్కి బెంగళూరు పోవడం మొదలుపెట్టాడు. ఏదో ఆఫీసులో ఫైళ్ళు మోసే పని. అక్కడ పారేసిన కంప్యూటర్ ఒకదాన్ని దుప్పటిలో కట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. అది లేవలేదు. ఏదో పత్రికతో పాటు ఊరికే వచ్చిన సీడీ ఒకటి అందులో వేస్తే లేచింది. అంతే, ఊరికే దొరికే ఆ లినక్స్ సిస్టమ్ ఆయనకు పట్టుకుంది. పట్టుకుంది అనే మాట అత్తది. జ్వరం గురించి చెప్పినట్టే చెప్పేది.

"ఊరికే ఇచ్చేది మంచిదెట్ల అవుతుంది మామా?" అని ఒకసారి అడిగాను. "ఇది తాళం లేని ఇల్లు కాదమ్మా. తాళం ఎట్ల చేసినారో విప్పి చూపించే ఇల్లు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నేను ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్ళకు చెబుతుంటాను.

రిటైరైనాక ముందు గది నిండా పాత ల్యాప్‌టాప్‌లే. గాలి లేచిన రోజు, బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బల మీది బూడిదరంగు దుమ్మంతా మా ఇళ్ళలోకే వస్తుంది. ఫ్యాన్లు విప్పితే లోపల అదే. పాత పళ్ళ బ్రష్షుతో దులుపుతూ, "మా నాయన పైకి తీసిందంతా ఇందులోకి చేరినాది చూడు" అనేవాడు. బాగుచేసినవాటిలో ఉచిత సిస్టమ్ వేసి, తెలుగు అక్షరాలు వేసి, చదువుకునే పిల్లలకు ఇచ్చేసేవాడు. మీలో కొందరి ఇళ్ళలో అవి ఇంకా ఉండే ఉంటాయి.

ఆయన పెన్ డ్రైవులు రెండూ ఆ రెండు టోకెన్లకు కట్టి, బోర్డు మీద రెండు కొక్కేలకు వేలాడేవి. అరవై ఆరులో కొత్త సిస్టమ్. ఎవరికి ల్యాప్‌టాప్ ఇవ్వాలన్నా దానితోనే. డ్రైవు ఊడదీసే ముందు కంప్యూటర్‌కు చెప్పి తీయాలి కదా, దాన్ని ఆయన "టోకెన్ ఇచ్చి పైకి రావడం" అనేవాడు. మెనూల్లో కూడా అలాగే పెట్టమని తెలుగు అనువాదం చేసేవాళ్ళకు ఉత్తరం రాశాడు. వాళ్ళు మర్యాదగా కుదరదన్నారు. నెల రోజులు అలిగాడు.

ఆయన మాటలు ఇంకో రెండు ఇక్కడ చెప్పాలి. ఒకటి, "రెండు చోట్ల లేనిది యాడా లేదనే లెక్క." రెండోది, "ఎంటర్ కొట్టే ముందు చేతులు తొడమీద పెట్టుకో. ఒకసారి చదువు. ఆమీట కొట్టు." మొదటి మాట ఆయన పాటించలేదు. రెండోది నేను పాటించలేదు.

తొంభై తొమ్మిది సంగతికి వస్తున్నాను. మామ దగ్గర ఆ పాటల డబ్బీ ఉండేది. కంపెనీవాళ్ళు పెట్టిన సాఫ్ట్‌వేర్ తీసేసి, దాంట్లోనూ ఉచితంగా దొరికేదే వేశాడు. దాన్ని వంటింటి అలమరలో చెంబు వెనక పెట్టి అత్త మాటలు రికార్డు చేసేవాడు. ముందే చెబితే ఆమె నోరు మెదపదు, అందుకని దొంగతనంగా. అందులో సగం తిట్లే. "ఏమప్పా, బియ్యం డబ్బాలో ఈ వైర్లేంది? అన్నంలోకి వేసి వండేదా?" అని. ఇంకో సగం ఆమె వాళ్ళ నాన్న గురించి చెప్పినవి. ఆయన పైకొచ్చి టిఫిన్ క్యారియర్ తెరిచి, తినకుండా మిగిల్చిన సగం అప్పచ్చి కూతురి చేతిలో పెట్టడం, అలాంటివి. ఒకసారి డబ్బీ దొరికిపోయింది. అత్త దాన్ని చేతిలోకి తీసుకుని, నోటి దగ్గర పెట్టుకుని, "ఏమప్పా, వింటా ఉండావా?" అని అడిగింది. గోడకు ఇవతల మేమంతా నవ్వాం.

అత్త పోయి మూడేళ్ళు. అప్పటినుంచి సాయంకాలం ప్రార్థన అయ్యాక మామ తొంభై తొమ్మిదిని ల్యాప్‌టాప్‌కు పెట్టి పది నిమిషాలు వినేవాడు. విని, టోకెన్‌ను మళ్ళీ కొక్కేనికి తగిలించేవాడు, నంబరు గోడవైపు తిప్పి. ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదు. డబ్బీలో ఉన్నవి ఇందులోకి మార్చి అక్కడ చెరిపేశాడని తెలిసి, "ఇంకో చోట కూడా పెట్టు మామా, నువ్వు చెప్పిందే కదా" అన్నాను. చాలాసేపు బ్రష్షుతో కీబోర్డు దులుపుతూనే ఉన్నాడు. "అత్తని రెండు చోట్ల పెట్టేకి మనసు ఒప్పలేదమ్మా" అన్నాడు. ఆరోజే నేను గట్టిగా పోట్లాడి ఉండాల్సింది.

పోయిన నెల ఊపిరాడక ఆయన్ని బెంగళూరు ఆసుపత్రిలో చేర్చారు. మూడో రోజు పొద్దున నాకు ఫోను చేశాడు. మాట మధ్యలో దగ్గు. "నర్సింగ్ చదివే పిల్లకి ల్యాప్‌టాప్ ఇస్తానని చెప్పినానమ్మా. రేపు దానికి పరీక్ష. కొత్త సిస్టమ్ దింపి పెట్టినాను, అరవై ఆరులోకి రాసి, వేసి ఇచ్చేయి." ఇల్లు తెరిచి బోర్డు దగ్గరికి వెళ్ళాను. ఒక టోకెన్ మాత్రమే ఉంది. ఇంకోటి మామ తీసుకుపోయి ఉంటాడనుకున్నాను. అత్తను ఇక్కడ వదిలి ఆయన ఆసుపత్రికి ఎందుకు పోతాడు? ఉన్నదాన్ని ఇటు తిప్పి చూశాను. అరవై ఆరు. పెట్టాను. ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని కంప్యూటర్ అడిగింది. నా రైలుకు టైమైంది. నా చేతులు తొడమీద లేవు.

ఆదివారం ఆసుపత్రికి వెళ్ళాను. ల్యాప్‌టాప్ ఇచ్చేశానని చెబుదామని నోరు తెరవబోతే, ఆయనే సిగ్గుపడుతూ దిండు కిందనుంచి ఒక టోకెన్ తీశాడు. పెన్ డ్రైవుతో సహా. అరవై ఆరు.

"జేబులోనే వచ్చేసినాదమ్మా. చొక్కా మార్చేటప్పుడు నర్సమ్మ ఇచ్చినాది. నిన్ను సుమ్నే, ఊరికే వెతికించినాను. దొరక్కపోతే ఏం చేసినావు?"

మంచం అంచు పట్టుకున్నాను.

"నా పెన్ డ్రైవుతో వేసి ఇచ్చినాను మామా" అన్నాను.

"మంచిపని చేసినావు. మళ్ళా వచ్చేటప్పుడు తొంభై తొమ్మిది తీసుకురామ్మా. ఆ డబ్బీలో వేసి తే. ఈడ పక్క మంచాలవాళ్ళ మాటలు వినీ వినీ ఇంగ చాలయ్యింది. అత్త తిట్లే మేలు."

ఇంటికొచ్చి ఆ టోకెన్‌ను వెలుతురులో పెట్టి చూశాను. పైన రంధ్రం కొత్తది, డ్రిల్లుతో వేసింది. కింది అంచున పాత రంధ్రం ఉన్న చోట ఇత్తడి పగిలి ఊడిపోయి ఉంది. బండ పేలిన రోజు పగిలి ఉంటుంది. మామ దాని ఎదురు అంచున కొత్త రంధ్రం వేసుకున్నాడు. అందుకే తగిలిస్తే తలకిందులుగా వేలాడుతుంది, తొంభై తొమ్మిది అరవై ఆరుగా కనిపిస్తుంది. ఆయన చేత్తో తడిమి ఆ పగులును పట్టేసేవాడు. నంబరు చదవాల్సిన అవసరం ఆయనకు ఏనాడూ రాలేదు. చదివింది నేనొక్కదాన్నే.

చెరిగినవాటిని వెతికి తీసే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఆయన నేర్పిందే. కానీ అది చెరిపినదాన్ని తీస్తుంది గానీ, పైన ఇంకోటి రాసేసినదాన్ని తీయలేదు. పాత డ్రైవు, చిన్నది. కొత్త సిస్టమ్ దాదాపు నిండా పరుచుకుంది. చివర కొంచెం చోటు మిగిలింది. లీవు పెట్టి, ఆ కొంచెం చోటును ముక్క ముక్కగా తవ్వాను. పేర్లు లేని ముక్కలు వందలకొద్దీ వచ్చాయి. విన్నాను. గరగర. కుళాయి చప్పుడు. కుక్కరు కూత, దానికి నాకు ఏడుపొచ్చింది. మళ్ళీ గరగర. వాళ్ళ నాన్న లేడు, అప్పచ్చి లేదు, తిట్లు లేవు. మామ రోజూ ఫోను చేసేవాడు. "రేపు తెస్తానంటివే?" ఒకరోజు బ్యాటరీ అన్నాను, ఒకరోజు రైలు లేదన్నాను. ఏడో రోజు ఆయన ఫోనులో తొంభై తొమ్మిది మాట ఎత్తలేదు. "నువ్వు అన్నం తింటా ఉండావా?" అని మాత్రం అడిగాడు. తెలిసిపోయిందా? ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు. తెలిసి, నన్ను తిట్టకుండా పోయాడంటే నేను భరించలేను. తెలియకుండా ఎదురుచూస్తూ పోయాడంటే అదీ భరించలేను.

తొమ్మిదో రోజు సాయంత్రం ఒక ముక్కలో ఆరు సెకన్లు దొరికాయి. మర్నాడు పొద్దున రైలెక్కాను. మిగతాది మొదటే చెప్పాను.

సమాధి దగ్గరికి చాలామంది వచ్చారు. ఆయన ల్యాప్‌టాప్‌తో చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళు, ఆ నర్సింగ్ పిల్ల కూడా. పరీక్ష బాగా రాశానని నా చెయ్యి పట్టుకుని చెప్పింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మామ చెల్లెలు అరవై ఆరును నాకే ఇచ్చి, "నీ మాటే చెప్తా ఉండె, కూతురు లేని లోటు లేదని" అంది. ఆమెకు నిజం చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

నిన్న ఇల్లు ఖాళీ చేస్తున్నారంటే వెళ్ళాను. ల్యాప్‌టాప్‌లన్నీ తీసేశారు, బోర్డు ఇంకా గోడకే ఉంది. అరవై ఆరును దాని కొక్కేనికి తగిలించాను. తొంభై తొమ్మిది నా సంచిలోనే ఉంది. దాన్ని తీయలేకపోయాను. పక్క కొక్కెం ఖాళీగా ఉంది. ఆయన కుర్చీ ఎవరో పట్టుకుపోయారు, నేల మీదే కూర్చుని డబ్బీ ఆన్ చేశాను.

"ఏమప్పా, వింటా ఉండావా?"

ఆ మాట వెనకే డబ్బీలో కుక్కరు కూసింది. గోడకు అటువైపు మా అమ్మ స్టవ్వు కట్టేసిన చప్పుడు వినిపించింది. డబ్బీ మళ్ళీ మొదటినుంచి అడిగింది. నేను రెండు చేతులూ తొడమీద పెట్టుకుని కూర్చున్నాను.