పిన్నమ్మ ఒంట్లో ఎనిమిదో వంతు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒకటి ఉంటుందన్న అనుమానమే నాకుండేది కాదు. హిందూపురంలో డిగ్రీ రెండో ఏడు, అదీ ఫిజిక్స్. మా చుట్టాల్లో ఆ సబ్జెక్టు ముట్టుకున్నది నేనొక్కదాన్నే. (మార్కులెన్నని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.) అప్పుడే, ధర్మవరంలో మగ్గం నేసే మా పిన్నమ్మకు థైరాయిడ్ జబ్బని బెంగళూరు ఆసుపత్రిలో రేడియోధార్మిక అయోడిన్ తాగించి, మూడు వారాలు పసిపిల్లల్ని దగ్గరికి తీయొద్దని చెప్పి పంపారు. అందుకే పిన్నమ్మ కూతురు, అంటే మా అక్క, పెనుకొండలో అత్తగారింట్లోనే కనింది. మనవరాలి ఏడుపు ఫోన్లో వినడమే తప్ప పిన్నమ్మ ఆ బిడ్డను ఎత్తుకున్నది లేదు.

మందు తాగిన ఇరవై నాలుగో రోజున బిడ్డకు పేరు పెడుతున్నారు. గడువు దాటింది కదా అని అవ్వా, పిన్నమ్మా, నేనూ బస్సెక్కి పోయాం. గుమ్మంలోనే అక్క అత్త చేయి అడ్డం పెట్టింది. "ఏమనుకోవద్దొదినా. నీ ఒంట్లో అదేందో కరెంటు ఉండాదంట కదా. అంతా పోయిందా లేదా?"

అందరూ నా వైపు తిరిగారు. నేను గొంతు సవరించుకుని, "దాని అర్ధాయువు ఎనిమిది రోజులు. ఎనిమిది రోజులకు సగం పోతుంది" అన్నాను. అవ్వ వెంటనే వేళ్ళు మడిచింది. "ఇంకో ఎనిమిదికి మిగతా సగం. పదహారుకే తీరిపాయ! జరుగమ్మా, లోపలికి పోదాం." అక్కడ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. "కాదవ్వా, మిగిలినదాంట్లో మళ్ళీ సగమే పోతుంది. లెక్క ప్రకారం ఎప్పటికీ సున్నా కాదు!" అన్నాను గర్వంగా.

పిన్నమ్మ మెట్ల మీద కూలబడింది. "ఎప్పుటికీ పోదా పాపా? నేను బిడ్డను ఎత్తుకునేదే లేదా?" అవ్వ నన్ను చూసిన చూపు చెప్పనలవి కాదు.

అక్క కోసం పిన్నమ్మ నేసి తెచ్చిన పట్టుచీర సంచిలో ఉంది. దాన్ని లాగి వరండాలో పొడవునా పరిచాను. "అత్తా, ఈ పొడవంతా తాగిన రోజు మందనుకో" అని సగానికి మడిచి "ఎనిమిది రోజులు" అన్నాను. మళ్ళీ మడిచి "పదహారు". మూడోసారి మడిచి "ఈ పొద్దుకు ఇరవై నాలుగు. ఎనిమిదో వంతే ఉండాది, చూడు!" ఆమె చూసింది. "బాగానే ఉండాది గానీ, డాక్టరు చెప్తేనే నేను నమ్మేది" అంది.

ఆసుపత్రికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. అదృష్టవశాత్తూ తెలుగొచ్చిన డాక్టరమ్మ దొరికింది. నా లెక్కంతా విని, "సరిగ్గానే చేశావమ్మా. అయితే చాలా మందు మూత్రంలోనే ముందే పోయుంటుంది కాబట్టి అంత కూడా ఉండదు. మేం చెప్పిన గడువు అయిపోయింది, బిడ్డను ఎత్తుకోమను" అంది.

అక్క అత్త లోపలికి పరుగున వెళ్ళి, బిడ్డను తానే తెచ్చి పిన్నమ్మ ఒళ్ళో పెట్టింది. పిన్నమ్మ నవ్వుతూ ఏడ్చింది. అవ్వ మాత్రం తిరుగు బస్సులో కండక్టరు మొదలు అందరికీ, "బెంగళూరు డాక్టరే మా పిల్ల లెక్కను ఒప్పుకునె!" అని చాటుతూ వచ్చింది. (మూత్రం సంగతి నేను మరిచిపోయానని ఎవరూ గమనించలేదు.)

మొన్న ఆఫీసులో ఎవరో ఏదో అడిగితే, "కనుక్కుని చెప్తానండి" అన్నాను. పద్ధతి అదే. కానీ ఆ రోజు పెనుకొండ వరండాలో చీర మడిచిన పిల్ల వినుంటే, నన్ను చూసి పకపకా నవ్వేసేది.