గుండ్రటి అక్షరాలు వచ్చేదాకా

ఇప్పటి ఫోను పెట్టెలోంచి తీయగానే నీకే భాష కావాలని తనే అడుగుతుంది. ఆ రోజుల్లో యంత్రం మనల్ని ఏమీ అడిగేది కాదు, మనమే దాన్ని బతిమాలుకునేవాళ్లం. అదీ చెప్పులు గది బయట విడిచి. ఎనభైల చివర నూజివీడులో మామిడి రైతుల సంఘానికి నేను గుమస్తాని. ఎనిమిదో తరగతితో బడి మానేసినా, కాయలకు చుట్టే పాత పేపర్లు చదివి ఇంగ్లీషు నేర్చుకున్నాను (అందుకే నాకు తెలిసిన వార్తలన్నీ సగంలో చిరిగి ఉండేవి). డిగ్రీ ఉన్నవాడికే తెలివి ఉంటుందనే మాట వింటే అప్పుడూ ఒళ్లు మండేది, ఇప్పుడూ మండుతుంది.

సీజన్లో ఏ రైతు బండి ఎప్పుడు తూకానికి రావాలో వంతుల పట్టీ రాసి షెడ్డు గోడకు అంటించడం మా పద్ధతి. ప్రెసిడెంటు గారు దాన్ని కంప్యూటరు చేత రాయించాలని ముచ్చటపడ్డారు. మొదటి పట్టీ ఇంగ్లీషులో వచ్చింది. "మా పేర్లు మేమే చదువుకోలేనప్పుడు ఇదెవడి కోసమయ్యా?" అని రైతులు మీదికొచ్చారు. దాంతో బెజవాడ నుంచి ఒక ఇంజనీరు వచ్చి, మన దేశపు భాషలు తెరమీద చూపించే కార్డొకటి మిషను కడుపులో బిగించాడు. పేర్లు ఒక్కసారి కొడితే చాలట, ఫలానా మీట నొక్కినప్పుడల్లా అవే పేర్లు మరో లిపిలోకి మారతాయట. "గుండ్రటి అక్షరాలు వచ్చేదాకా నొక్కండి, అదే తెలుగు. అర్థమైందాండీ? ఇంకోసారి చెప్పమంటారా?" అన్నాడు. "నాకా?" అన్నాను. అతను వెళ్లాక ప్రెసిడెంటు గారు ఒకటే మాటన్నారు: "రేపు తూకం మొదలయ్యేసరికి పట్టీ తెలుగులో ఉండాలయ్యా. లేదంటే ఈ కుర్చీలో డిగ్రీ కుర్రాడు కూర్చుంటాడు. నువ్వు మళ్లీ యార్డులో బుట్టలు లెక్కపెట్టుకుందువుగాని."

పొద్దున్నే మీట నొక్కాను. పైన గీతలున్న అక్షరాలొచ్చాయి, హిందీ. మళ్లీ నొక్కాను. గుండ్రటి అక్షరాలొచ్చాయి. ఆగిపోయాను. పేర్లన్నీ గడగడా చదివేశాను కూడా. అచ్చు తీసి గోడకు అంటించాను. ప్రెసిడెంటు గారు కళ్లజోడు సవరించుకుని, "బాగానే ఉంది గానీ, అక్షరాలకు జ్వరం తగిలినట్టుందేంటయ్యా?" అన్నారు. "కొత్త మిషనండీ, చెయ్యి తిరగాలి కదండీ" అన్నాను. ఆయన తలూపారు. రైతులూ కూడబలుక్కుని చదువుకుని, కంప్యూటరు రాత ఇలాగే ఉంటుంది కాబోలని సర్దుకున్నారు.

ఒప్పుకోనిదల్లా షెడ్డులో కాయలకింద గడ్డి పరిచే పిన్ని ఒక్కతే. ఆవిడకు చదువు రాదు. కానీ వాళ్లాయన కౌలు తోట కాయ ఏటా మా దగ్గరికే వస్తుంది. గోనెపట్టా మీద ఎర్ర రంగుతో రాసిన ఆయన పేరు చూసీ చూసీ ఆ బొమ్మ ఆవిడకు కంఠతా వచ్చింది. మొగుడి పేరు నోటితో పలకదు కదా, కాగితం మీద వేలు పెట్టింది.

"ఇది ఆయన కాదబ్బాయ్."

"ఆయనే పిన్నీ! చదువుకున్నవాణ్ణి నేను చెబుతున్నా కదా."

"చదువు సంగతి నాకెందుకులే. మా ఆయన నెత్తిమీద టిక్కులుండాలి. ఇక్కడ చదునుగా బల్లలు పెట్టావేంటి?"

"ఇనప మిషను తలకట్టు పెడుతుందా? ఏదో సర్దుకోవాలి!" అని కసిరాను. సరిగ్గా అప్పుడే హనుమాన్ జంక్షన్ మీదుగా వచ్చిన బళ్లారి లారీ డ్రైవరు లోపలికి తొంగిచూశాడు. గోడ మీది పేర్లన్నీ ఎక్కడా తడబడకుండా చదివి, పొంగిపోయి, "ఏం సార్, మీ ఊర్లో మా కన్నడం ఎప్పుడు పెట్టినారు?" అన్నాడు.

షెడ్డంతా నవ్వింది. ప్రెసిడెంటు గారు నవ్వలేదు. ఆయన నా వెనకే వచ్చి కంప్యూటరు గదిలో నిలబడ్డారు. (చెప్పులు విప్పలేదు. అంత కోపం.) తొందరలో మీట రెండుసార్లు నొక్కేశాను, తెలుగు దాటిపోయి అరవం వచ్చింది. ఆ కంగారులో మళ్లీ హిందీ, మళ్లీ కన్నడం, మళ్లీ అరవం. మూడో చుట్టులో ఒక్కొక్కసారే నొక్కి ఆగాను. అచ్చయిన కాగితం ఆయన నా చేతికివ్వలేదు, తిన్నగా పిన్నికి చూపించారు. ఆవిడ వేలితో వెతికి, పమిట కొంగు సర్దుకుని, "ఆఁ, ఇదీ ఆయన" అంది.

"కుర్చీ నీదేలే," అన్నారు ప్రెసిడెంటు గారు నాతో, "కానీ ప్రతి పట్టీ పిన్ని చూశాకే గోడెక్కాలి." ఆ సీజనంతా చదువురాని మనిషి నా రాత దిద్దింది. నాకెంత చిన్నతనంగా ఉండేదో చెప్పలేను. ఒక్క తప్పూ పోలేదన్నది కూడా చెప్పక తప్పదు.

మొన్న కొత్త ఫోనులో భాషల జాబితా తెరిచి తెలుగు ఎంచుకున్నాను. తలకట్లున్నాయో లేదో ఒక్కొక్కటే చూసుకున్నాను. పిన్నిప్పుడు లేదు. ఆ కుర్చీలో నిటారుగా కూర్చున్న కుర్రాడు, అప్పటి నేను, గుర్తొచ్చాడు. ఆ ఇంజనీరు మళ్లీ వచ్చి "ఇంకోసారి చెప్పమంటారా?" అంటే, ఈసారైనా ఆ కుర్రాడు చెప్పమంటాడా అనుకున్నాను. అనడు. నాకు తెలుసు కదా వాడు.